డేవిడ్ బోవీ పాటలు ఎలా పుట్టాయి? రాక్ సంగీతకారుడి సృజనపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక మనిషి యాభై ఏళ్ళ పాటు కొత్త పాటలు ఎలా కట్టగలడు? రాక్ వినేవాళ్ళు, సొంతంగా బ్యాండ్ పెట్టుకున్నవాళ్ళు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇదే. సృజన అనే మాట మీద ఊరికే చర్చ పెట్టుకుంటే ఎటూ తేలదు. ఒకే ఒక్క సంగీతకారుడి పనిని దగ్గర నుంచి చూస్తే కొంత తెలుస్తుంది. అందుకే ఇక్కడి జవాబులన్నీ బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ చుట్టూనే తిరుగుతాయి.

ఇంతమంది రాక్ స్టార్లు ఉండగా బోవీయే ఎందుకు?

ఆయన పని చేసిన తీరు బయటికి కనిపిస్తుంది కాబట్టి. చాలామందిని ఈ పాట ఎలా వచ్చిందని అడిగితే "అలా వచ్చేసింది" అంటారు. బోవీ మాత్రం చేతిరాత కాగితాలు, దుస్తులు, బొమ్మలు, సగంలో వదిలేసిన ఆలోచనలు అన్నీ దాచిపెట్టాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2025 సెప్టెంబరులో ఆయన పేరుతో ఒక కేంద్రం తెరిచింది. అందులో 90,000కు పైగా వస్తువులున్నాయి. పైగా ఆయనతో పని చేసినవాళ్ళు స్టూడియోలో ఏం జరిగిందో ఎన్నో ఇంటర్వ్యూల్లో విడమరిచి చెప్పారు.

ఇంకో కారణం కూడా ఉంది. రాక్ సంగీతకారుడి జీవితంలో ఎదురయ్యేవన్నీ ఆయనకు ఎదురయ్యాయి. ఏళ్ళ తరబడి ఫ్లాపులు, ఒక్కసారిగా వచ్చిన పేరు, మత్తుమందుల అలవాటు, ప్రయోగాలు, బోలెడంత డబ్బు, పాట రాని రోజులు, పదేళ్ళ మౌనం, చివరి క్షణాల్లో ఒక గొప్ప ఆల్బమ్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బోవీ ప్రేరణ కోసం ఎదురుచూస్తూ కూర్చున్న మనిషి కాదు. తను పని చేసే పరిస్థితిని మార్చేసేవాడు. ఊరు మార్చాడు, చుట్టూ ఉన్న మనుషుల్ని మార్చాడు, రాసే పద్ధతి మార్చాడు. ఆయన మంచి పాటల్లో చాలా భాగం ఈ మార్పుల వెంటే వచ్చాయి. కింది జవాబుల్లో ఇది మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

ఆయనది పుట్టుకతో వచ్చిన ప్రతిభేనా?

పుట్టుకతో వచ్చిందే అయితే బయటపడటానికి అంత కాలం పట్టేది కాదు. 1947 జనవరి 8న లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో డేవిడ్ రాబర్ట్ జోన్స్‌గా పుట్టాడు. పదిహేనేళ్ళ వయసులో శాక్సఫోన్ వాయిస్తూ ఒక బ్యాండ్‌లో చేరాడు. ఆ తర్వాత కింగ్ బీస్, మానిష్ బాయ్స్, లోయర్ థర్డ్ అంటూ బ్యాండ్లు మారుతూనే ఉన్నాడు. ఒక్క హిట్టూ లేదు. మధ్యలో ప్రకటనల ఏజెన్సీలో చిన్న ఉద్యోగం కూడా చేశాడు. తర్వాత 'మంకీస్' అనే పాప్ బృందంతో పేరు తెచ్చుకున్న డేవీ జోన్స్ అనే గాయకుడు అప్పటికే ఉండటంతో పేరు కలిసిపోతుందని బోవీ అని మార్చుకున్నాడు. 1967లో వచ్చిన మొదటి ఆల్బమ్‌ను ఎవరూ పట్టించుకోలేదు.

1969 జులై 11న 'స్పేస్ ఆడిటీ' విడుదలైంది. అపోలో 11 బయల్దేరింది ఆ నెల 16న. అందరి కళ్ళూ ఆకాశం మీదున్న సమయంలో, అంతరిక్షంలో తప్పిపోయిన ఒక ఒంటరి మనిషి పాట బ్రిటన్ చార్టుల్లో 5వ స్థానానికి చేరింది. ఇక దశ తిరిగింది అనుకుంటే పొరపాటు. తర్వాతి హిట్ కోసం 1972 దాకా ఆగాల్సి వచ్చింది.

మొదటి బ్యాండ్ నుంచి లెక్కేస్తే పదేళ్ళు. ఆ పదేళ్ళు ఆయన ఊరికే తిరగలేదు. లిండ్సే కెంప్ అనే కళాకారుడి దగ్గర మూకాభినయం నేర్చుకున్నాడు. ముఖానికి రంగు ఎలా వేయాలి, ఒక్క మాట లేకుండా ప్రేక్షకుడి చూపును ఎలా పట్టుకోవాలి అన్నది అక్కడ నేర్చిన విద్యే. తర్వాత జిగ్గీ స్టార్‌డస్ట్‌గా వేదిక ఎక్కినప్పుడు ఆయనకు మిగతా రాక్ గాయకుల కంటే ఎక్కువ తెలిసింది ఇదే.

తిరస్కరించిన పాట వృథా అయినట్టేనా?

1968లో ఒక ఫ్రెంచ్ పాట బాణీకి ఇంగ్లీషు సాహిత్యం రాసే పని బోవీకి వచ్చింది. రాసి ఇచ్చాడు. వద్దన్నారు. అదే బాణీకి తర్వాత పాల్ ఆంకా వేరే మాటలు రాస్తే ఫ్రాంక్ సినాట్రా పాడాడు. అదే ప్రపంచమంతా తెలిసిన 'మై వే'.

మనసు కష్టపెట్టుకుని ఊరుకోకుండా ఆ బాణీలోని కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వరుసకు దగ్గరగా ఉండే వరుస తీసుకుని బోవీ తన సొంత పాట కట్టాడు. అదే 1971లో 'హంకీ డోరీ' ఆల్బమ్‌లో వచ్చిన 'లైఫ్ ఆన్ మార్స్'. ఆల్బమ్ అట్ట మీద ఆ పాట పక్కన ఫ్రాంకీ ప్రేరణతో అని రాసి, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పేశాడు. రిక్ వేక్‌మన్ పియానో, గిటారిస్టు మిక్ రాన్సన్ రాసిన వయొలిన్ల అమరిక కలిసి దాన్ని వేరే స్థాయికి తీసుకెళ్ళాయి. బోవీ పాటల్లో ఒక్కటే వినమంటే నేను చెప్పేది ఇదే. ఆ రోజు ఆయన సాహిత్యం ఒప్పుకుని ఉంటే ఈ పాట పుట్టేదే కాదు.

జిగ్గీ స్టార్‌డస్ట్ ఎవరు? వేషం వేసుకుంటే పాట బాగుపడుతుందా?

జిగ్గీ ఒక కల్పిత పాత్ర. ఎర్రటి జుట్టు, మెరిసే బట్టలు, మరో లోకం నుంచి వచ్చినట్టుండే రాక్ గాయకుడు. 1972 జూన్‌లో ఆ పాత్ర చుట్టూ అల్లిన ఆల్బమ్ వచ్చింది. ఒకప్పుడు వెలిగి, తర్వాత మతి చెడిన విన్స్ టేలర్ అనే రాకెన్‌రోల్ గాయకుడు, అమెరికన్ రాక్ గాయకుడు ఇగ్గీ పాప్, ఇంకా జపాన్ రంగస్థలం, ఇలా చాలా వాటి నుంచి తీసుకున్నవి అందులో కలిశాయి.

వేషం వల్ల పాటకు ఒరిగేది ఒకటుంది. మన అనుభవంలో లేని మాటను ధైర్యంగా చెప్పొచ్చు. పాతికేళ్ళ కుర్రాడు తన సొంత గొంతుతో "లోకం ఐదేళ్ళలో అంతమైపోతుంది" అని పాడితే ఎవరూ నమ్మరు. జిగ్గీ కథలో అది మొదటి పాట. శ్రోత మారు మాట్లాడకుండా ఒప్పుకుంటాడు. మనకు ఇది కొత్తేమీ కాదు. పద్యనాటకాల్లో గొంతు మెత్తని మనిషి కూడా కిరీటం పెట్టుకోగానే దుర్యోధనుడిలా గర్జిస్తాడు.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి. ఈ ఆల్బమ్‌లో అందరికీ తెలిసిన 'స్టార్‌మ్యాన్' మొదట ఆల్బమ్‌లో లేదు. రేడియోలో ఆడే సింగిల్ ఒకటి కావాలని ఆర్‌సీఏ రికార్డు కంపెనీ అడిగితే ఆఖర్లో రాసి, అప్పటికే పెట్టిన చక్ బెర్రీ పాట తీసేసి దీన్ని చేర్చారు. 1972 జులైలో బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్' కార్యక్రమంలో మిక్ రాన్సన్ భుజం మీద చెయ్యేసి బోవీ ఆ పాట పాడాక ఆయన జీవితం మారిపోయింది. కంపెనీ ఒత్తిడి కళను చంపేస్తుందని అందరూ అంటారు. ఈసారి ఆ ఒత్తిడే పాటను పుట్టించింది.

అంత పేరు తెచ్చిన పాత్రను ఎందుకు చంపేశాడు?

1973 జులై 3న లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లో, వేదిక మీదే, ఇదే మా ఆఖరి షో అని ప్రకటించాడు. బేస్ వాయించే ట్రెవర్ బోల్డర్‌కు, డ్రమ్స్ వాయించే వుడీ వుడ్‌మన్సీకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. మనుషులుగా వాళ్ళకు జరిగింది అన్యాయమే. దాన్ని సమర్థించలేను.

కళ విషయానికొస్తే, ఆయన భయపడింది పాత్ర తనను మింగేస్తుందని. అభిమానులు జిగ్గీనే కోరుకుంటున్నారు, ఇంటర్వ్యూల్లో కూడా జిగ్గీలాగే మాట్లాడాల్సి వస్తోంది. ఆ దారిలో ఇంకో రెండు ఆల్బమ్‌లు చేసి ఉంటే డబ్బు వచ్చేది. ఏడాది తర్వాత ఫిలడెల్ఫియాలో నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతం పాడే అవకాశం మాత్రం ఉండేది కాదు.

కాగితాలు కత్తెరతో కత్తిరించి పాటలు రాసేవాడంటారు. నిజమేనా?

నిజమే. దీన్ని కట్-అప్ పద్ధతి అంటారు. చిత్రకారుడు బ్రయన్ గైసిన్ మొదలుపెట్టాడు, రచయిత విలియం బరోస్ ప్రచారంలోకి తెచ్చాడు. బోవీ 1974 నాటి 'డైమండ్ డాగ్స్' కాలంలో దీన్ని పాటల్లోకి తీసుకున్నాడు. అప్పట్లో బీబీసీ తీసిన డాక్యుమెంటరీలో ఆయన కాగితం ముక్కలు పరుచుకుని కూర్చుని ఎలా చేస్తాడో చూపించడం కూడా ఉంది.

పద్ధతి తేలిక. డైరీలోంచో పత్రికలోంచో కొన్ని వాక్యాలు రాసుకోవాలి. వాటిని ముక్కలు చేసి కలిపేయాలి. పక్కపక్కన పడిన ముక్కల్లో ఏదైనా కొత్త అర్థం మెరిస్తే దాన్ని పట్టుకోవాలి. మిగతాది పారేయాలి. 1990ల్లో ఇదే పని చేసే వెర్బసైజర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను ఒక మిత్రుడితో కలిసి తయారు చేయించుకుని 1995 నాటి 'అవుట్‌సైడ్' ఆల్బమ్‌కు వాడాడు.

చాలామంది దీన్ని లాటరీ అనుకుంటారు. అలా కాదు. కత్తెర చేసేది ముక్కలు చేయడం వరకే. ఏ ముక్క ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పేది రాసేవాడి చెవి. పదేళ్ళు పాటలు రాసి అరగదీసిన చెవి అది. అదే కాగితాలు ఇంకొకరికిస్తే అవే పాటలు రావు.

ముందు ట్యూనా, ముందు మాటలా?

1976 తర్వాత చేసిన ఆల్బమ్‌లలో చాలావరకు ముందు సంగీతమే. తెలుగు సినిమా పాట ఎలా తయారవుతుందో తెలిసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. ట్యూన్ ముందు సిద్ధమై, దానికి సాహిత్యం తర్వాత రావడం మనకూ అలవాటే. తేడా ఏమిటంటే మన దగ్గర ఎవరో ఒకరు ట్యూన్ కడతారు, కవి రాస్తాడు. బోవీ దగ్గర ట్యూన్ కూడా ముందు ఉండేది కాదు. రెండు మూడు కార్డులు, ఒక లయ ఉండేవి. గిటార్ మీద కార్లోస్ అలోమార్, బేస్ మీద జార్జ్ ముర్రే, డ్రమ్స్ మీద డెన్నిస్ డేవిస్ వాటిని పట్టుకుని వాయించి వాయించి ఒక రూపానికి తెచ్చేవాళ్ళు. ఆ తర్వాతే ఇతర వాయిద్యాలు. గొంతు, మాటలు అన్నిటికంటే చివర.

'లో' ఆల్బమ్‌లోని 'సౌండ్ అండ్ విజన్' వినండి. పాట దాదాపు సగం గడిచాక గానీ బోవీ అసలు గొంతు రాదు. ఆ ఆల్బమ్ రికార్డు రెండో వైపంతా మాటలు దాదాపు లేని సంగీతమే. 1977లో ఒక పెద్ద స్టార్ అలా చేయడమంటే మామూలు ధైర్యం కాదు.

'హీరోస్' పాట ఎలా తయారైంది?

ఈ ప్రశ్నకు కొంచెం పెద్ద జవాబే ఇస్తాను. ఎందుకంటే సృజన ఒక్క తలలోంచి రాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1977 వేసవి. పశ్చిమ బెర్లిన్‌లోని హాన్సా స్టూడియో. బెర్లిన్ గోడ ఎంత దగ్గరంటే కిటికీలోంచి చూస్తే అవతలి కాపలా గోపురం కనిపించేది. అలోమార్, ముర్రే, డేవిస్ ముగ్గురూ ఒక సాగిపోయే లయ పట్టుకున్నారు. సంగీతకారుడు బ్రయన్ ఈనో తన బ్రీఫ్‌కేసు సైజు సింథసైజర్‌తో కింద ఒక వణుకు లాంటి శబ్దం చేర్చాడు.

ఆ తర్వాత న్యూయార్క్ నుంచి గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ వచ్చాడు. ఆయన గిటార్ సౌండ్ పెద్దగా పెట్టి, స్పీకరుకు ఎంత దూరంలో నిలబడితే ఏ స్వరం మోగుతుందో కనిపెట్టి, ఆ చోట్లకు ముందుకీ వెనక్కీ నడుస్తూ వాయించాడు. అలా మూడుసార్లు రికార్డు చేసి మూడూ కలిపారు. పాట మొదలైనప్పటి నుంచి వినిపించే ఆ సన్నని కేక అదే. మామూలుగా ఫీడ్‌బ్యాక్ (స్పీకరు శబ్దం గిటార్‌కే తిరిగి తగిలి వచ్చే కూత) వస్తే సౌండ్ ఇంజినీరు ఉలిక్కిపడి ఆపేస్తాడు. ఇక్కడ దానితోనే రాగం కట్టారు.

ఇంత జరిగినా మాటలు లేవు. ఒక రోజు రాసుకోవడానికి ఒంటరిగా వదిలేయమని బోవీ అడిగితే ప్రొడ్యూసర్ టోనీ విస్కాంటి బయటికి వెళ్ళాడు. కోరస్ పాడటానికి వచ్చిన గాయని ఆంటోనియా మాస్‌తో కలిసి నడుస్తూ గోడ దగ్గర ఆమెను ముద్దుపెట్టుకున్నాడు. కిటికీలోంచి అది బోవీ కంటబడింది. గోడ పక్కన ప్రేమికుల జంట అలా పాటలోకి వచ్చింది. విస్కాంటికి అప్పటికే పెళ్ళయింది కాబట్టి ఆ జంట ఎవరన్నది బోవీ చాలా ఏళ్ళు బయటపెట్టలేదు.

గొంతు రికార్డు చేసేటప్పుడు విస్కాంటి మూడు మైకులు పెట్టాడు. ఒకటి బోవీ నోటి దగ్గర, రెండోది సుమారు ఇరవై అడుగుల దూరంలో, మూడోది ఆ పెద్ద హాలు చివర. గొంతు పెంచితేనే దూరం మైకులు తెరుచుకునేలా అమర్చాడు. అందుకే మొదటి చరణాల్లో చెవి దగ్గర చెప్పినట్టుండే గొంతు చివరికొచ్చేసరికి హాలంతా నిండిపోయిన అరుపు అవుతుంది. అలా పాడక తప్పని స్థితిలోకి ఆ మైకులే ఆయన్ని నెట్టాయి.

ఇంత చేసినా విడుదలైనప్పుడు బ్రిటన్‌లో 24వ స్థానం దాటలేదు. పాట విలువ తెలియడానికి ఏళ్ళు పట్టింది. 1987 జూన్‌లో గోడకు దగ్గరగా వేదిక కట్టి ఆయన పాడినప్పుడు అవతలి వైపు తూర్పు బెర్లిన్ యువకులు గుమికూడారు. 2016లో ఆయన చనిపోయినప్పుడు, గోడ కూలడానికి సాయపడినందుకు జర్మనీ విదేశాంగ శాఖ కృతజ్ఞతలు చెప్పింది.

చీట్లు తీసి సంగీతం చేశారంటే నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఈనో, చిత్రకారుడు పీటర్ ష్మిట్ కలిసి 1975లో 'ఆబ్లిక్ స్ట్రాటజీస్' అనే పేక లాంటి కార్డుల కట్ట తెచ్చారు. ఒక్కో కార్డు మీద ఒక్కో సూచన ఉంటుంది. పని ముందుకు సాగనప్పుడు ఒకటి తీసి అందులో ఉన్నట్టు చేయాలి. 'హీరోస్' ఆల్బమ్‌లో ఒక వాయిద్య సంగీతానికి బోవీ ఒక కార్డు, ఈనో ఒక కార్డు తీసి ఒకరికొకరు చూపించుకోకుండా పని చేశారు. ఒకరి కార్డు అన్నీ ఒకేలా ఉంచమంటే, రెండోవారిది తేడాలు పెంచమంది.

1979 నాటి 'లాడ్జర్'లో ఇంకా ముందుకెళ్ళారు. ఒక పాటకు వాయిద్యాలు తారుమారు చేశారు. గిటారిస్టు అలోమార్ డ్రమ్స్ మీద కూర్చున్నాడు, డ్రమ్మర్ డేవిస్ బేస్ పట్టుకున్నాడు. చేయి తిరిగిన కళాకారుడికి వేళ్ళు వాటంతటవే పాత దారిలో పోతాయి. తెలియని వాయిద్యం ఇస్తే ప్రతి దెబ్బా ఆలోచించి వేయాల్సిందే. ఇలాంటి ప్రయోగాలన్నీ ఫలించాయని అనను. అలోమార్‌కే ఈ కార్డుల వ్యవహారం మొదట్లో చిరాకు తెప్పించింది.

మత్తుమందుల వల్లే అంత గొప్ప సంగీతం వచ్చిందా?

ఈ ప్రశ్న కుర్రాళ్ళు అడిగినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. 1975లో లాస్ ఏంజెలెస్‌లో బోవీ కొకైన్‌కు బానిసై ఎముకల గూడులా తయారయ్యాడు. అప్పుడు చేసిన 'స్టేషన్ టు స్టేషన్' మంచి ఆల్బమే. కానీ దాన్ని చేసిన రోజులు తనకు దాదాపు గుర్తే లేవని తర్వాత ఆయనే చెప్పాడు. ఆ ఆల్బమ్ నిలబడింది చుట్టూ ఉన్న గట్టి వాద్యకారుల వల్ల, పదిహేనేళ్ళ సాధన వల్ల.

ఆ అలవాటు నుంచి తప్పించుకోవడానికే ఆయన 1976లో యూరప్ వచ్చాడు. బెర్లిన్‌లో షోనెబెర్గ్ ప్రాంతంలో ఒక మామూలు అపార్ట్‌మెంటులో ఇగ్గీ పాప్‌తో కలిసి ఉన్నాడు. సైకిల్ తొక్కుతూ, మ్యూజియంలు చూస్తూ, బొమ్మలు వేస్తూ గడిపాడు. విమర్శకులు ఎక్కువగా మెచ్చుకునే మూడు ఆల్బమ్‌లు ఆ కోలుకునే కాలంలోవే.

ఇతరుల సంగీతం నుంచి తీసుకోవడం కాపీ కాదా?

తీసుకుని అలాగే పెడితే కాపీ. 'స్టార్‌మ్యాన్' పల్లవి మొదట్లో స్వరం ఒక్కసారిగా పై స్థాయికి దూకుతుంది. అది 'ఓవర్ ది రెయిన్‌బో' అనే పాత హాలీవుడ్ పాటను గుర్తుచేస్తుంది. బోవీ దాన్ని దాచలేదు సరికదా, ఒక కచేరీలో ఆ పాత పాట మాటలే కలిపి పాడాడు.

1975లో 'ఫేమ్' సంగతి ఇంకా బాగుంటుంది. ఒక పాత రిథమ్ అండ్ బ్లూస్ పాటను కచేరీల్లో వాయించడానికి అలోమార్ ఒక గిటార్ రిఫ్ (పదే పదే వచ్చే చిన్న స్వరాల ముక్క) తయారుచేశాడు. స్టూడియోలో ఆ పాట రికార్డు చేయబోతే బాగా రాలేదు. రిఫ్ మాత్రం బోవీకి నచ్చింది. అప్పుడు అక్కడే ఉన్న బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ కూడా చేయి కలిపాడు. ముగ్గురి పేర్లతో వచ్చిన ఆ పాట బోవీకి అమెరికాలో మొదటి నంబర్ వన్. తమాషా ఏమిటంటే, ఫంక్ సంగీతానికి పెద్దదిక్కు లాంటి జేమ్స్ బ్రౌన్ ఆ రిఫ్‌నే తీసుకుని తన పాటలో పెట్టుకున్నాడు.

పక్కనున్నవాళ్ళే అంతా చేస్తే బోవీ చేసిందేమిటి?

మనుషుల్ని ఎంచుకోవడం, వాళ్ళ నుంచి వాళ్ళకే తెలియనిది రాబట్టడం. 'అలాడిన్ సేన్' అనే పాటకు పియానో వాయించడానికి మైక్ గార్సన్ వచ్చాడు. మొదట బ్లూస్ శైలిలో వాయిస్తే బోవీ వద్దన్నాడు. లాటిన్ శైలిలో వాయిస్తే అదీ వద్దన్నాడు. న్యూయార్క్‌లో నువ్వు వాయించే ఆ వింత జాజ్ వాయించు అన్నాడు. గార్సన్ ఒకే టేకులో వాయించేశాడు. తర్వాత ఎన్ని ఆల్బమ్‌లు చేసినా జనం ఆయన్ని అడిగేది ఆ సోలో గురించే.

ఈ గుణం గాయకుడికి ఎంత అవసరమో మన బ్యాండ్లు ఇంకా పూర్తిగా గుర్తించలేదని నాకనిపిస్తుంది.

పెద్ద హిట్ తర్వాత ఎందుకు తడబడ్డాడు?

1982 చివర్లో ప్రొడ్యూసర్ నైల్ రాడ్జర్స్‌తో న్యూయార్క్‌లో చేసిన 'లెట్స్ డాన్స్' ఆల్బమ్‌కు పట్టింది 17 రోజులు. పని మొదలయ్యే ముందు బోవీ ఆయనకు ఒక ఫోటో చూపించాడు. ఎర్ర సూటు వేసుకున్న రాకెన్‌రోల్ గాయకుడు లిటిల్ రిచర్డ్ ఎర్ర కాడిలాక్ కారు ఎక్కుతున్న ఫోటో. ఆల్బమ్ అలా ఉండాలి అన్నాడట. రాడ్జర్స్‌కు వెంటనే అర్థమైంది. బోవీ గిటార్ మీద జానపద పాటలా వినిపించినదాన్ని విప్పి డాన్స్ పాటగా కట్టాడు. ఆల్బమ్ కోటి ప్రతులకు పైగా అమ్ముడైంది.

కష్టం అక్కడే మొదలైంది. స్టేడియాలు నిండిపోయాయి. ఆ జనానికి ఏం కావాలో ఊహించి రాయడం మొదలుపెట్టాడు. 1984లో, 1987లో వచ్చిన ఆల్బమ్‌లు నీరసంగా ఉన్నాయి. తన పనిలో అధ్వాన్నమైన కాలం అదేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

దానికి మందుగా 1988లో టిన్ మెషీన్ పేరుతో నలుగురి బ్యాండ్ పెట్టాడు. స్టార్ హోదా పక్కనపెట్టి సభ్యుల్లో ఒకడిగా నిలబడ్డాడు. ఆ ఆల్బమ్‌లు నాకు అంతగా నచ్చవు, చాలామందికీ నచ్చలేదు. కానీ అందులోని గిటారిస్టు రీవ్స్ గాబ్రెల్స్‌తో స్నేహం 1990ల్లో చేసిన సాహసాలన్నిటికీ పునాది అయింది.

డబ్బుకూ సృజనకూ సంబంధం ఉందా?

చాలా ఉంది. 1970ల్లో మేనేజర్‌తో చేసుకున్న ఒప్పందం వల్ల పాటల ఆదాయంలో పెద్ద వాటా ఏళ్ళ తరబడి చేజారింది. 1997లో బోవీ తన 25 పాత ఆల్బమ్‌ల రాయల్టీలను హామీగా పెట్టి పదేళ్ళ బాండ్లు జారీ చేశాడు. 7.9 శాతం వడ్డీ. 5.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బులో కొంత పాత హక్కులు తిరిగి కొనుక్కోవడానికి వాడాడు. ఆ తర్వాత ఎవరి మెప్పూ చూసుకోకుండా నచ్చిన ఆల్బమ్ చేయగలిగాడు. పాట రాసేవాళ్ళు కాగితం మీద సంతకం పెట్టే ముందు చదువుకోవాలి, అర్థం కాకపోతే వకీలుకు చూపించాలి. ఇది కళకు బయటి విషయం కాదు.

వయసు పెరిగితే సృజన తగ్గుతుందా?

2004 జూన్‌లో జర్మనీలో కచేరీ తర్వాత గుండె రక్తనాళానికి శస్త్రచికిత్స జరిగింది. ఆ తర్వాత పెద్ద టూర్లు లేవు, కొత్త ఆల్బమ్ లేదు. ఇక రాడనే అందరూ అనుకున్నారు. 2013 జనవరి 8న, తన 66వ పుట్టినరోజున, ముందస్తు ప్రకటన లేకుండా కొత్త పాట వదిలాడు. రెండేళ్ళు న్యూయార్క్‌లో రహస్యంగా పని జరిగింది. పని చేసినవాళ్ళంతా బయట చెప్పబోమని సంతకాలు చేశారు. వార్త పొక్కకపోవడం వల్ల ఎవరి అంచనాలూ లేకుండా తప్పులు చేస్తూ, చెరిపేస్తూ పని చేసుకునే వీలు దొరికింది.

ఆ తర్వాతది ఇంకా పెద్ద మలుపు. స్వరకర్త మరియా ష్నైడర్ సలహాతో 2014లో న్యూయార్క్‌లోని ఒక చిన్న బార్‌కు వెళ్ళి శాక్సఫోన్ కళాకారుడు డానీ మెకాస్లిన్ బృందం వాయిస్తుంటే విన్నాడు. పాత రాక్ స్నేహితుల్ని కాదని ఆ జాజ్ బృందాన్నే స్టూడియోకు పిలిచాడు. కెండ్రిక్ లమార్ ఆల్బమ్ అప్పట్లో ఎక్కువగా విన్నామని విస్కాంటి చెప్పాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఇరవై ఏడేళ్ళ ర్యాపర్ నుంచి నేర్చుకుంటున్నాడు, అదీ క్యాన్సర్ చికిత్స జరుగుతుండగా. 'బ్లాక్‌స్టార్' 2016 జనవరి 8న వచ్చింది. పదో తారీఖున ఆయన చనిపోయాడు. అమెరికాలో నంబర్ వన్ అయిన ఆయన మొదటి ఆల్బమ్ అదే. 18వ శతాబ్దపు లండన్ నేపథ్యంలో ఒక సంగీత నాటకానికి రాసుకున్న చీటీలు కూడా ఆయన గదిలో దొరికాయి.

తెలుగులో రాక్ పాటలు రాసేవాళ్ళకు ఈ పద్ధతులు పనికొస్తాయా?

పనికొస్తాయి, కొన్ని మార్పులతో. కట్-అప్ తీసుకోండి. తెలుగులో పదాల వరుస అటూ ఇటూ అయినా వాక్యం నిలబడుతుంది కాబట్టి ముక్కలు తేలిగ్గా అతుక్కుంటాయి. చిక్కంతా క్రియల దగ్గరే. ఒక ముక్కలో "వచ్చాను", పక్క ముక్కలో "వెళ్ళింది" ఉంటే వాక్యం తెగిపోతుంది. అందుకని క్రియలు తీసేసి, నామవాచకాలు, విశేషణాలు ఉన్న ముక్కల్నే కలిపి చూడండి. క్రియ ఆఖర్లో మీరే పెట్టుకోండి. దినపత్రికలోని వ్యవసాయం పేజీ, పెళ్ళి ప్రకటనలు, మీ పాత డైరీ, మూడూ కలిపితే మూడు పాటలకు సరిపడా సరుకు దొరుకుతుంది.

వాయిద్యాలు మార్చుకోవడం రిహార్సల్‌లో ఖర్చు లేని పని. పాట ఆగిపోయిన రోజున ఒక గంట చేసి చూడండి. రికార్డు చేయడం మాత్రం మరవొద్దు, ఎందుకంటే అందులో పనికొచ్చేది పది సెకన్లే ఉండొచ్చు.

కొత్తగా వినేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

విడుదలైన వరుసలో వినొద్దు, మొదటి ఆల్బమ్ దగ్గరే ఆగిపోతారు. 'హంకీ డోరీ'తో మొదలుపెట్టండి. పాటలు పాటల్లా ఉంటాయి, ఇంట్లో అందరూ వినగలుగుతారు. తర్వాత 'జిగ్గీ స్టార్‌డస్ట్'. అక్కడి నుంచి ఒక్కసారిగా 'లో'కు దూకండి. రెండో వైపు రాత్రిపూట ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. 'లెట్స్ డాన్స్' ప్రయాణాల్లో బాగుంటుంది. 'బ్లాక్‌స్టార్' చివరికి ఉంచుకోండి, మొదటిసారి నచ్చకపోతే కొన్ని నెలలాగి మళ్ళీ వినండి. 1984, 1987 ఆల్బమ్‌లు మిగతావన్నీ విన్నాక తీరిక ఉంటే వినొచ్చు.